గేర్ ఆయిల్ ఎంపికలో సింథటిక్ అన్నది మూడో ప్రశ్న

మాన్యువల్ గేర్ల కారుకి గేర్ ఆయిల్ కొనబోతే కౌంటర్ దగ్గర మొదట వచ్చే ప్రశ్న "మామూలుదా, సింథటికా?" అన్నదే. ధరలో తేడా బాగా కనిపిస్తుంది కాబట్టి కొనేవాళ్ళ ఆలోచన కూడా అక్కడే ఆగిపోతుంది. ఖరీదైనది పోస్తే గేర్లు మెత్తగా పడతాయా, పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా అని లెక్కలు వేసుకుంటారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ దాని వంతు మూడోది. మొదట తేలాల్సింది ఆ గేర్‌బాక్స్‌లోని సింక్రో రింగులకు ఎలాంటి రాపిడి కావాలన్నది. రెండోది చిక్కదనం. ఆ రెండూ కుదిరాకే బేస్ ఆయిల్ మామూలు ఖనిజ నూనెదా, సింథటిక్‌దా అన్న మాట వస్తుంది. ఈ వరస తిరగబడితే ఖరీదైన సింథటిక్ పోసిన బండిలో రెండో గేరు కర్రుమనడం, చవక ఆయిల్ పోసిన పక్క బండి హాయిగా నడవడం వింతేమీ కాదు. మన దేశంలో ఈ విషయం పట్టించుకోవాల్సిన వాళ్ళు చాలామందే ఉన్నారు. ఇక్కడి కార్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ మాన్యువల్ గేర్లవే. 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ బండ్లలో కూడా లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం డ్రైవరు బదులు యంత్రం చేస్తుంది. క్లచ్ పెడల్ లేదు కదా అని అలాంటి బండికి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్ పోయించే వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంజిన్‌లో ఆయిల్ పని చాలావరకు సూటిగా ఉంటుంది, రాపిడి ఎంత తగ్గితే అంత మంచిది. గేర్‌బాక్స్‌లో పళ్ళ మధ్య, బేరింగుల్లో రాపిడి తగ్గాలి, సింక్రో రింగు దగ్గర మాత్రం మిగలాలి. మూడో గేరు నుంచి రెండో గేరుకి లివర్ లాగినప్పుడు రెండో గేరు చక్రం ఒక వేగంతో తిరుగుతుంటుంది, దాన్ని పట్టుకోవాల్సిన షాఫ్టు మరో వేగంతో తిరుగుతుంటుంది. షాఫ్టు మీది స్లీవ్ జరిగి, ఇత్తడి రింగును గేరు పక్కనున్న శంకువు ఆకారపు ఉక్కు భాగం మీదికి నొక్కుతుంది. రింగు లోపలి వైపు సన్నటి గాళ్ళు తీసి ఉంటాయి. అవి ఆయిల్ పొరను కోసి పక్కకు తోస్తాయి. వాన రోజున సైకిల్ బ్రేకు రబ్బరు ముందు రిమ్ము మీది నీటిని తుడిచి ఆ తరువాతే పట్టుకున్నట్టు, ఇక్కడా పొర తెగాకే పట్టు దొరుకుతుంది. ఆ పట్టుతో రెండు వేగాలూ సమానమయ్యాక రింగు దారి ఇస్తుంది, స్లీవ్ పళ్ళు గేరు పళ్ళలోకి దిగుతాయి. ఇదంతా సెకనులో ఏ కొద్ది భాగంలోనో ముగిసిపోవాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు శంకువు మీద జారుతూనే ఉంటుంది, వేగాలు కలవకముందే పళ్ళు తగులుకుని కర్రుమంటాయి. మరీ చిక్కగా ఉంటే పొర తెగడం ఆలస్యమై, లివరు ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు మొండికేస్తుంది. "ఎక్కువ జారుడు, ఎక్కువ రక్షణ" అన్న డబ్బా మీది మాటను గేర్‌బాక్స్ విషయంలో జాగ్రత్తగా చదవాల్సింది ఇందుకే.

ఈ పేచీ పుట్టడానికి కారణమైన రెండు ఆవిష్కరణలూ అమెరికాలో రెండేళ్ళ తేడాతో వచ్చాయి. 1926లో ప్యాకార్డ్ కంపెనీ వెనక యాక్సిల్‌లో హైపాయిడ్ గేర్లు పెట్టింది. ఈ పద్ధతిలో పినియన్ నడిమి గీత క్రౌన్ వీల్ నడిమి గీతకు కిందగా ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు దిగువకు దిగింది, కారు నేల భాగం కూడా దిగింది. కానీ హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో ఆగవు, పక్కకు జారుతూ రుద్దుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే ఆయిల్‌లో గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలపడం వచ్చింది. రెండు పళ్ళు రుద్దుకుని వేడెక్కిన చోట అవి ఉక్కుతో చర్య జరిపి ఒక సన్నని రసాయన పొర కడతాయి. పంటికి బదులు ఆ పొర అరుగుతుంది. కొత్త గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు ఈ గంధకానిదే. ఇక 1928లో క్యాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. దానికి కావలసింది ఇత్తడి రింగు మీద ఏ మందపాటి రసాయన పొరా లేని, అదుపులో ఉన్న రాపిడి. వెనక యాక్సిల్ ఎక్కువ మందు అడుగుతుంది, ముందున్న గేర్‌బాక్స్ తక్కువ అడుగుతుంది. జీఎల్-4, జీఎల్-5 అన్న రెండు తరగతులు ఈనాటికీ పక్కపక్కనే నిలవడానికి మూలం ఇదే.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) పెట్టిన ఈ తరగతులను మెట్ల వరస అనుకోవడమే మన వర్క్‌షాపుల్లో జరిగే అతి పెద్ద పొరపాటు. ఇంజిన్ ఆయిల్‌లో కొత్త తరగతి చాలావరకు పాతదాని పని కూడా చేస్తుంది కాబట్టి, ఇక్కడా ఐదు నాలుగు కంటే మేలనుకుంటారు. జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం, అంటే యాక్సిల్ కోసం రాసిన తరగతి. అందులో ఒత్తిడిని తట్టుకునే రసాయనాల మోతాదు జీఎల్-4తో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంటుంది. మారుతి ఈకో లాంటి వెనక చక్రాలు తిరిగే బండిలో రెండు వేర్వేరు చోట్ల గేర్ ఆయిల్ ఉంటుంది, ఒకటి గేర్‌బాక్స్‌లో, మరొకటి వెనక యాక్సిల్ హౌసింగ్‌లో. "90 నంబర్ ఆయిల్ ఇవ్వండి" అని ఒకే డబ్బా తెచ్చి రెండింట్లోనూ పోస్తే, తెచ్చింది జీఎల్-4 అయితే హౌసింగ్‌కి చాలదు, జీఎల్-5 అయితే గేర్‌బాక్స్‌కి తగకపోవచ్చు. ముందు చక్రాలు తిరిగే మామూలు చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, చివరి జత గేర్లు కూడా ఏటవాలు పళ్ళ మామూలు గేర్లే. హైపాయిడ్ లేనే లేదు కనుక జీఎల్-5కి అక్కడ పనే లేదు. డబ్బా మీద ఎల్‌ఎస్ అన్న అక్షరాలున్న జీఎల్-5 ఆయిల్ మరీ దూరంగా ఉంచాల్సినది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లోని క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా జారడానికి అందులో రాపిడిని ఇంకా తగ్గించే మందు కలుపుతారు. సింక్రో రింగు పట్టును దెబ్బతీసేది సరిగ్గా అదే. అమెరికాలోని రెడ్ లైన్ కంపెనీ ఆ మందు కలపని 75డబ్ల్యూ-90 ఆయిల్‌ను ఎన్‌ఎస్ అన్న గుర్తుతో విడిగా అమ్ముతుంది. ఎంత జారుడు ఉండాలన్నది తయారీదారు తూచి పెట్టే విషయమని దీన్నిబట్టే తెలుస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో పస కూడా ఉంది. జీఎల్-5లోని గంధకం ఇత్తడిని తినేస్తుందన్నది పాతకాలపు మాట అనీ, ఇప్పటి జీఎల్-5 ఆయిళ్ళలో రాగి లోహాలను కాపాడే మందులు కలుస్తున్నాయనీ అంటారు. నిజమే. గేర్ ఆయిల్‌లో మెరుగుపెట్టిన రాగి పట్టీని 121 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి, అది ఎంత రంగు మారిందో చూసే పరీక్ష ఒకటి చాలాకాలంగా ఉంది. మంచి కంపెనీల జీఎల్-5 ఆయిళ్ళు దాన్ని బాగానే దాటుతాయి. పైగా సుబారు లాంటి కంపెనీ తన మాన్యువల్ గేర్‌బాక్స్‌లో జీఎల్-5నే పోయమంటుంది, ఎందుకంటే ఆ కార్లలో ముందు డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లు కూడా అదే పెట్టెలో, అదే ఆయిల్‌లో తిరుగుతాయి. కాబట్టి జీఎల్-5 పోసిన మర్నాడే రింగులు కరిగిపోతాయని భయపెట్టడం సరికాదు. అయినా ఈ వాదన సగం ప్రశ్నకే జవాబు చెబుతుంది. రాగి పట్టీ పరీక్ష తుప్పును కొలుస్తుంది, రింగు పట్టును కొలవదు. సుబారు ఇంజినీర్లు తమ సింక్రోలను ఆ ఆయిల్‌తోనే పరీక్షించి నిర్ణయించారు. జీఎల్-4తో పరీక్షించిన గేర్‌బాక్స్‌కి ఆ భరోసా లేదు. సుబారు ఉదాహరణ రుజువు చేసేది ఇంతే: గేర్‌బాక్స్ తయారు చేసినవాళ్ళు ఏ ఆయిల్‌ను లెక్కలో పెట్టుకున్నారో అదే దానికి సరైనది. అందులో జీఎల్-5 అని ఉంటే జీఎల్-5 పోయాల్సిందే, అప్పుడు జీఎల్-4 పోస్తే హైపాయిడ్ పళ్ళు పోతాయి.

అయితే డబ్బా మీద జీఎల్-4 అని ఉన్నంత మాత్రాన నమ్మొచ్చా? ఈ చిక్కు గురించి మన పత్రికల్లో పెద్దగా రాయరు. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద ఏపీఐ గుండ్రటి గుర్తు కనిపిస్తే ఆ కంపెనీ లైసెన్సు తీసుకున్నట్టు లెక్క. గేర్ ఆయిళ్ళకు అలాంటి లైసెన్సు పద్ధతి లేదు. జీఎల్-4 అన్న మాట తయారీదారు తనంతట తాను చెప్పుకునేది. ఆ తరగతి పరీక్షలకు మొదట్లో వాడిన యంత్రాలు కూడా ఇప్పుడు దొరకవు. చాలామంది జీఎల్-5 మందు పొట్లాన్నే సగం మోతాదులో కలిపి జీఎల్-4 అని అమ్ముతారు. జీఎల్-4 ప్లస్ అన్న తరగతి ఏపీఐ జాబితాలో లేనే లేదు. ఒకే డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసి ఉంటే, అది రెండు అవసరాల మధ్య రాజీ అనుకోవచ్చు, సింక్రోలకు ప్రత్యేకించి చేసినది అనుకోకూడదు. గట్టి ఆధారం దొరికేది కార్ల కంపెనీల, గేర్‌బాక్స్ కంపెనీల సొంత ఆమోదాల్లో. మెర్సిడెస్, ఫోక్స్‌వ్యాగన్, జడ్‌ఎఫ్ లాంటివి తమ సింక్రోల మీద వేల గేరు మార్పులు చేయించి చూశాకే నంబరు ఇస్తాయి. అక్కడ కూడా ఫలానా కంపెనీ "ఆమోదించింది" అని రాస్తే ఒక అర్థం, ఫలానా ప్రమాణానికి "అనువైనది" అని రాస్తే ఇంకొక అర్థం. రెండో మాటకు బాధ్యత అమ్మేవాడిది మాత్రమే. ఈ కారణంగానే, వారంటీ మాట పక్కన పెట్టినా, కార్ల కంపెనీ సొంత పేరుతో అమ్మే మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎంటీఎఫ్‌ను తక్కువ చేసి చూడొద్దంటాను. అది ఖరీదు పెరిగిన మామూలు ఆయిల్ అని కొట్టిపారేసేవాళ్ళు, ఆ గేర్‌బాక్స్‌లోనే పరీక్ష దాటిన ఆయిల్ అదన్న సంగతి మరిచిపోతున్నారు.

చిక్కదనం దగ్గర జరిగే పొరపాటు ఇంకో రకం. గేర్ ఆయిల్ నంబర్లు ఇంజిన్ ఆయిల్ నంబర్ల కంటే పెద్దవి కనుక ఆయిల్ కూడా అంత చిక్కనిదనుకుంటారు. రెండు కొలమానాలు వేరు. 90 గ్రేడు గేర్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత) లోపు ఉండాలి. 40 గ్రేడు ఇంజిన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 లోపు. రెండూ ఇంచుమించు ఒకటే. హోండా తన ఎంటీఎఫ్ దొరకనప్పుడు తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్ పోయొచ్చని కొన్ని మాన్యువళ్ళలో రాసింది, అదే వాడుతూ పోతే గేర్లు సరిగా పడవని హెచ్చరిక కూడా చేర్చింది. ఫోర్డ్ మస్టాంగ్‌లో వాడిన బోర్గ్-వార్నర్ టీ-5 గేర్‌బాక్స్‌లో ఆటోమేటిక్ ఆయిలే పోస్తారు. అంటే సింక్రోలు పలచని ఆయిల్‌తో బతకగలవు, అలా తయారు చేస్తే. కంపెనీ మాన్యువల్ పుస్తకంలో 75డబ్ల్యూ-80 అని ఉన్న చిన్న కారుకి "మన ఎండలకు పలచన పనికిరాదు" అని 85డబ్ల్యూ-140 పోసే అలవాటు మాత్రం మంచిది కాదు. పల్నాడు రెంటచింతలలో మే నెల ఎండ 45 దాటినా, ఆయిల్ పనిచేసే వేడి బయటి ఎండ ఒక్కదానితో తేలదు. గేర్ల భారం, ఆయిల్‌ను చిలికే వేగం కలిసి దాన్ని నిర్ణయిస్తాయి, తయారీదారు ఆ లెక్క వేసే గ్రేడు రాస్తాడు. అవసరానికి మించిన చిక్కదనంతో చిలుకుడు వేడి పెరుగుతుంది, రింగు కింద పొర తెగడం ఆలస్యమవుతుంది.

ఈ రెండూ తేలాక సింథటిక్ సంగతి. 75డబ్ల్యూలోని డబ్ల్యూ చలికాలపు గుర్తు. 75డబ్ల్యూ ఆయిల్ మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూ మైనస్ 26 దగ్గర, 85డబ్ల్యూ మైనస్ 12 దగ్గర ఒక హద్దుకు మించి చిక్కబడకూడదు. లంబసింగిలో కూడా ఆ చలి రాదు కాబట్టి, మనకు సింథటిక్ ఎందుకని అడిగేవాళ్ళ ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది. కానీ లాభం ఆ అంకెల్లో లేదు, చల్లటి ఆయిల్‌కీ వేడి ఆయిల్‌కీ మధ్య చిక్కదనం ఎంత మారుతుందన్న దానిలో ఉంది. ఖనిజ నూనెతో చేసిన 80డబ్ల్యూ-90 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సాధారణంగా 140 సెంటీస్టోక్స్ చుట్టూ ఉంటుంది. సింథటిక్ 75డబ్ల్యూ-90 వంద చుట్టూ. 100 డిగ్రీలకు చేరేసరికి రెండూ ఒకే 90 గ్రేడు. ఆదిలాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున ఆ తేడా ఇంకా పెరుగుతుంది. చలిపొద్దున మొదటి కిలోమీటరులో రెండో గేరు మొండికేసి, బండి వేడెక్కాక మామూలైపోతే, దానికి మందు చాలావరకు ఇదే. వేడి వైపు రక్షణ తగ్గించకుండా చల్లగా ఉన్నప్పుడు పలచగా ఉండటం, ఇదే సింథటిక్ ఇచ్చే అసలైన మేలు. దానికి మైనస్ 40 అక్కర్లేదు.

రెండో మేలు మన్నిక. మాన్యువల్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి పంపు ఉండదు, ఫిల్టరు ఉండదు. కింది గేర్లు ఆయిల్‌లో మునిగి పైకి చిమ్మడంతోనే అన్ని చోట్లకూ అందుతుంది. అరిగిన ఇత్తడి పొడి, ఉక్కు పొడి అందులోనే తిరుగుతాయి. పాత ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద వంపి ఎండలో చూస్తే బంగారు రవ్వల్లా మెరిసేది ఇత్తడి; డ్రెయిన్ బోల్టు చివరి అయస్కాంతానికి బూడిదరంగు ముద్దలా అంటుకునేది ఉక్కు. అయస్కాంతం ఇత్తడిని పట్టదు కాబట్టి ఆయిల్ మారిస్తేనే అది బయటికి పోతుంది. ఇక ఖనిజ నూనెలో చిక్కదనాన్ని నిలపడానికి కలిపే పాలిమర్ల పొడవాటి గొలుసులు గేరు పళ్ళ మధ్య నలిగి తెగిపోతాయి, అప్పుడు 90గా పోసింది 90గా మిగలదు. అందుకే ఈ గ్రేడులకు బేరింగులో ఇరవై గంటలు నలగ్గొట్టి చూసే పరీక్ష ఒకటి పెట్టారు. పీఏఓ (పాలీఆల్ఫాఓలిఫిన్) లాంటి అసలు సింథటిక్ బేస్‌కు చిక్కదనం నిలుపుకునే గుణం స్వతహాగా ఉంటుంది, పాలిమర్ అంతగా అక్కర్లేదు; వేడికి గాలితో కలిసి జిగురుగా మారడం కూడా తక్కువ. "జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాటను మాత్రం నమ్మను. ఫిల్టరు లేని చోట లోహపు పొడిని ఏ బేస్ ఆయిల్ కూడా మాయం చేయలేదు.

"అసలు సింథటిక్" అన్నానంటే, డబ్బా మీద ఆ మాట ఉన్నవన్నీ ఒకటి కావు గనుక. బేస్ ఆయిళ్ళలో ఐదు గ్రూపులున్నాయి. నాలుగోది పీఏఓ, ఐదోదానిలో ఎస్టర్ల వంటివి వస్తాయి. మూడోది ముడి చమురునే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసినది. క్యాస్ట్రాల్ ఈ మూడో గ్రూపు నూనెను సింథటిక్ అని అమ్మడం మీద మొబిల్ ఫిర్యాదు చేస్తే, 1999లో అమెరికా ప్రకటనల పర్యవేక్షణ సంస్థ క్యాస్ట్రాల్ వైపే మొగ్గింది. అప్పటి నుంచి చాలా దేశాల్లో రెండూ సింథటిక్ కిందే చెల్లుతున్నాయి. దీన్ని మోసమనడం అతి. మంచి మూడో గ్రూపు నూనె మన వాతావరణానికి సరిపోతుంది, 75డబ్ల్యూ-80 చిన్న కారుకి అంతకంటే ఎక్కువ ఖర్చు చేయనక్కర్లేదు. ఘాట్ రోడ్లలో భారంతో రోజూ తిరిగే బండికి పీఏఓ, ఎస్టర్ కలిసిన ఆయిల్ తన ధరకు న్యాయం చేస్తుంది. సింథటిక్ పోస్తే సీళ్ళు కారతాయన్న భయం కూడా పాతదే. పీఏఓ రబ్బరును కాస్త ముడుచుకునేలా చేస్తుంది, ఎస్టర్ ఉబ్బేలా చేస్తుంది. రెండింటినీ కలిపి సరిచూడటం తయారీదారులకు ఎప్పుడో తెలుసు. అప్పటికే గట్టిపడి పగిలిన సీలు కారితే తప్పు సీలుదే. పెట్రోలు బాగా ఆదా అవుతుందన్న ప్రచారాన్ని కూడా పెద్దగా పట్టించుకోవద్దు. మాన్యువల్ గేర్‌బాక్స్ వృథా చేసే శక్తే తక్కువ, అందులో మిగిల్చేది ఇంకా తక్కువ. ధర మాటకొస్తే, చిన్న కారు గేర్‌బాక్స్‌కి పట్టేది రెండు లీటర్ల చుట్టుపక్కల, అదీ కొన్నేళ్ళకోసారి; కూలీ ఏ ఆయిల్‌కైనా ఒకటే. కాబట్టి తరగతి, గ్రేడు రెండూ మాన్యువల్‌తో కలిసే సింథటిక్ దొరికితే అదే కొనమంటాను. తరగతి కలవని సింథటిక్ కంటే తరగతి కలిసిన మామూలు ఆయిల్ మేలని కూడా అంతే గట్టిగా చెబుతాను.

పోసేటప్పుడు నింపే బోల్టు ముందు విప్పి, తరువాతే డ్రెయిన్ బోల్టు విప్పాలి. తుప్పు పట్టి నింపే బోల్టు రాకపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది. సాధారణంగా నింపే రంధ్రం అంచు దాకా వస్తే కొలత సరిపోయినట్టు. రక్షణ పెరుగుతుందని ఇంకాస్త ఎక్కిస్తే నురగ, వేడి పెరుగుతాయి. ఇంత చేసినా వేడి బండిలో, క్లచ్ సరిగ్గా విడుతున్నప్పుడు కూడా ఒకే గేరు దగ్గర కర్రుమంటుంటే, ఆ రింగు గాళ్ళు అరిగి నున్నబడ్డాయనే అనుకోవాలి. ఏ ఆయిలూ వాటిని తిరిగి తేలేదు. చిక్కటి ఆయిల్ పోసి బేరింగు ఊళ పెట్టడాన్ని కొన్నాళ్ళు అణచొచ్చు గానీ రింగుకి దానివల్ల ఇంకా చెరుపే. గేర్‌బాక్స్ దించి రింగు మార్పించాలి. మార్పించేటప్పుడు కొత్త రింగు ఇత్తడిదా, కార్బన్ పొర ఉన్నదా అని అడిగి తెలుసుకుని, బిగించే ముందు దాన్ని ఆ గేర్‌బాక్స్‌లో పోయబోయే ఆయిల్‌లోనే నానబెట్టమని మెకానిక్‌కి చెప్పాలి.